లేడీ టీచర్ అయితే శిక్ష తగ్గుతుందా? తేడా చట్టంలో ఉందా, అమలు చేసేవాళ్ళలో ఉందా?

గోదారిగట్టు:
2025లో ముంబైలో ఒక లేడీ టీచర్‌ని పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో అరెస్ట్ చేశారు కదా, తను పాఠం చెప్పిన మైనర్ అబ్బాయి విషయంలో. నెల తిరక్కముందే స్పెషల్ కోర్టు బెయిల్ ఇచ్చింది. బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు పోయినట్టు కాదు, దాని మీద నాకేం గొడవ లేదు. ఒళ్ళు మండింది మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్ చూసి. "మన టైంలో ఇలాంటి మేడమ్ ఎందుకు లేదురా" అని ఒకడు, దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. అంతకుముందు ఒక హాస్టల్ వార్డెన్ అమ్మాయిలతో తప్పుగా ప్రవర్తించాడని వార్త వస్తే "వీణ్ణి ఎన్‌కౌంటర్ చేసి పడేయాలి" అన్నదీ వీళ్ళే. అక్కడా పిల్లలే, ఇక్కడా పిల్లాడే.

వాట్సాప్ సంగతి వదిలేయండి, అసలు చట్టం ఏమంటోంది? ఆడ టీచర్‌కి ఒక లెక్క, మగ టీచర్‌కి ఒక లెక్క ఉందా? అమెరికాలో, యూకేలో ఉన్నవాళ్ళు అక్కడ ఎలా ఉందో కూడా చెప్పండి.

నల్లకోటు:
లా ప్రాక్టీస్‌లో ఉన్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. పోక్సో 2012 చట్టంలో బిడ్డ అంటే 18 నిండని ఎవరైనా, ఆడా మగా తేడా లేదు. స్కూల్ సిబ్బంది తమ స్కూల్ పిల్లల మీదే చొచ్చుకుపోయే లైంగిక దాడి చేస్తే సెక్షన్ 5 కింద తీవ్రమైన నేరం అవుతుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్ళు, అంతకుముందు 10 ఉండేది. నేరం రుజువయ్యాక ఆ కనీసం కంటే తగ్గించే వీలు ట్రయల్ కోర్టు జడ్జికి లేదు, ఎదురుగా నిలబడింది ఆడమనిషైనా సరే. కాబట్టి కాగితం మీద మనవాళ్ళది కఠినమే.

తిరకాసు ఆ దాడి అంటే ఏంటో చెప్పే సెక్షన్ 3 దగ్గరుంది. అందులో నేరం చేసినవాణ్ణి మగ సర్వనామంతో రాశారు కాబట్టి ఆడవాళ్ళకి ఇది వర్తించదని డిఫెన్స్ వాదన. 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆ వాదన చెల్లదంది, ఈ చట్టం వచ్చిందే పిల్లల్ని కాపాడటానికి, చేసింది ఎవరైనా ఒకటే అని. 2025 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు కూడా దాదాపు అదే మాట చెప్పి ఒక మహిళ మీద కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. చూశారా, చట్టం 2012లో వస్తే ఇంత చిన్న సంగతి మీద హైకోర్టుల్లో ఇప్పటికీ వాదించుకుంటున్నాం.

అసలు గొయ్యి మాత్రం 18 దాటాక ఉంది. రేప్ అంటే ఏంటో చెప్పే పాత ఐపీసీ 375 గానీ, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 63 గానీ నిందితుడు మగాడు, బాధితురాలు ఆడమనిషి అనే రాశాయి. డిగ్రీ ఫస్టియర్ కుర్రాడి మీద లెక్చరర్ బలవంతం చేస్తే, ఆ లెక్చరర్ ఆడైనా మగైనా, రేప్ సెక్షన్ పెట్టలేం. మగ లెక్చరర్ అయితే ఒకప్పుడు ఐపీసీ 377 (అసహజ లైంగిక చర్యల సెక్షన్) ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్‌లో దాన్నీ తీసేశారు. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఎడిసన్_అమ్మ:
మా న్యూజెర్సీ కేసు ఒకటి చెప్తా. 2002 నాటి తీర్పు, 13 ఏళ్ళ స్టూడెంట్‌తో సంబంధం పెట్టుకున్న టీచర్, నలభై దాటినావిడ. నేరం ఒప్పుకుంది, ప్రాసిక్యూషన్‌తో మూడేళ్ళ జైలుకి ఒప్పందం కూడా అయింది. జడ్జి ఏమో "ఇందులో జరిగిన నష్టం నాకేం కనబడట్లేదు" అని జైలు లేకుండా ప్రొబేషన్ ఇచ్చి పంపేశాడు. ప్రభుత్వం అప్పీల్‌కి వెళ్తే గానీ ఆ మూడేళ్ళు పడలేదు. చట్టంలో ఒక్క అక్షరం తేడా లేదు అక్కడ, తేడా అంతా ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి బుర్రలో ఉంది.

ఫ్లోరిడాది ఇంకా దారుణం. 2005 నాటి తీర్పు, టాంపా వైపు ఒక లేడీ టీచర్, 14 ఏళ్ళ పిల్లాడు. ఇంత అందమైన అమ్మాయిని జైల్లో వేస్తే సింహాల ముందు మాంసం పడేసినట్టే అని ఆమె లాయర్ పబ్లిగ్గా వాదించాడు! చివరికి మూడేళ్ళ హౌస్ అరెస్టు, ఏడేళ్ళ ప్రొబేషన్. ఇంకో కౌంటీలో అదే కేసులో జడ్జి ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు గానీ, పిల్లాణ్ణి టీవీ కెమెరాల మధ్య సాక్ష్యానికి పంపడం ఆ తల్లికి ఇష్టం లేక ప్రాసిక్యూటర్లే అక్కడ కేసు వదిలేశారు. ఆ తల్లిని నేనేం అనను. నాకూ మిడిల్ స్కూల్లో ఒకడున్నాడు.

ఇంకోటి, ఇక్కడ ఒకప్పుడు చట్టమే పక్షపాతంగా ఉండేది. కాలిఫోర్నియాలో మైనర్‌తో సంబంధం అనే నేరానికి మగవాళ్ళనే శిక్షించేవారు. 1981లో అది అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్తే 5-4 మెజారిటీతో సమర్థించారు, గర్భం వచ్చే భయం అమ్మాయికే కాబట్టి అబ్బాయిని భయపెట్టడానికి ఈ శిక్ష ఉండాలని. 1993లో గానీ కాలిఫోర్నియా ఆ చట్టం మార్చలేదు. అంటే ఇప్పుడున్న జడ్జిల్లో చాలామంది లా చదివింది ఆ రోజుల్లోనే.

పాలమూరు_టీచరమ్మ:
గవర్నమెంట్ హైస్కూల్లో పనిచేస్తాను. చెప్పినవన్నీ నిజమే గానీ ఏరుకొచ్చిన కేసులు అవి. మోంటానాది ఎందుకు చెప్పలేదు మేడమ్? అక్కడ టీచర్ మగాడు, స్టూడెంట్ 14 ఏళ్ళ అమ్మాయి, కేసు నడుస్తుండగానే ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. 2013లో జడ్జి వాడికి వేసిన జైలు ఎంతో తెలుసా, నెల రోజులు. ఆ అమ్మాయి వయసుకి మించి ఎదిగినట్టు ఉందట, పరిస్థితి వాడి చేతిలో ఎంత ఉందో ఆమె చేతిలోనూ అంతే ఉందట. ఊరంతా రోడ్డెక్కింది. పైకోర్టు ఆ శిక్ష రద్దు చేశాక ఇంకో జడ్జి మళ్ళీ శిక్ష వేస్తే 2014లో పదేళ్ళు పడ్డాయి, ఆ జడ్జిని మోంటానా సుప్రీంకోర్టు 31 రోజులు సస్పెండ్ చేసింది.

అబ్బాయైతే "వాడికి నష్టమేముంది", అమ్మాయైతే "దానికి అన్నీ తెలుసు". రెండు చోట్లా పిల్లల మాటకి విలువ లేదు, పెద్దవాళ్ళని వదిలేయడానికి సాకు దొరికింది అంతే. ఇది ఆడాళ్ళకి లాభం మగాళ్ళకి నష్టం అనే గొడవగా మార్చి, పోయి పోయి గృహహింస చట్టం, 498ఎ దగ్గర తేలుస్తారు కొందరు, దయచేసి ఈ థ్రెడ్‌ని అక్కడికి తీసుకెళ్ళొద్దు. ఇలాంటి కేసుల్లో పట్టుబడేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే, ఆ సంగతి మర్చిపోయి మాట్లాడితే కుదరదు.

ఎడిసన్_అమ్మ:
ఒప్పుకుంటా టీచర్ గారూ, మోంటానా కేసు నాకూ గుర్తుంది. కానీ ఒకటి రెండు కేసులు కాకుండా మొత్తం మీద చూసినా తేడా ఉంది. అప్పట్లో మిషిగాన్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్‌గా ఉన్న సోంజా స్టార్ 2012లో ఫెడరల్ కోర్టు కేసులు పరిశీలించి, అదే రకం నేరం, అదే పాత చరిత్ర ఉన్నా మగవాళ్ళకి సగటున 63 శాతం ఎక్కువ శిక్ష పడుతోందని తేల్చారు. అది అన్ని రకాల నేరాలకీ కలిపి, టీచర్ల గురించి మాత్రమే కాదు, అది గుర్తుపెట్టుకోవాలి.

మాంచెస్టర్_బాబాయ్:
యూకే పరిస్థితి విచిత్రం. ఇక్కడి 2003 చట్టంలో రేప్ నిర్వచనమే మగాడు చేసే నేరంగా ఉంది, కానీ 16 లోపు పిల్లలతో లైంగిక చర్య అనే సెక్షన్‌లో ఎవరికైనా గరిష్ఠంగా 14 ఏళ్ళు. టీచర్ అయితే తన స్కూల్ పిల్లలకి 18 నిండేదాకా ముట్టుకోకూడదు, పిల్లలు ఒప్పుకున్నారన్న మాటే చెల్లదు. శిక్షల్లో తేడా కూడా మరీ అంత కనబడదు. 15 ఏళ్ళ అమ్మాయిని ఫ్రాన్స్‌కి తీసుకుపోయిన లెక్కల మాస్టారికి 2013లో ఐదున్నరేళ్ళు, 2024లో మా మాంచెస్టర్ కోర్టులో ఇద్దరు అబ్బాయిల విషయంలో లెక్కల టీచరమ్మకి ఆరున్నరేళ్ళు. (ఇద్దరూ లెక్కలేనా అని మా ఆవిడ నన్ను అనుమానంగా చూసింది, నేను కూడా లెక్కల బీఎడ్డే.) శిక్ష ఎలా లెక్కగట్టాలో ఇక్కడ గైడ్‌లైన్స్ రాసిపెట్టి ఉంటాయి, జడ్జి సొంత కవిత్వానికి చోటు తక్కువ.

గోదారిగట్టు:
థాంక్సండీ అందరికీ. నల్లకోటు గారూ, కనీసం 20 ఏళ్ళు అని రాసి ఉన్నప్పుడు మన దగ్గర అబ్బాయిల కేసులు అసలెందుకు వినబడవు? కేసులే లేవా?

నల్లకోటు:
పిల్లలు లేక కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో చేయించిన సర్వేలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు, వాళ్ళలో సగానికి కొంచెం పైనే అబ్బాయిలు. చేసింది ఎవరన్నది వేరే సంగతి, ఎక్కువమంది మగవాళ్ళే అయ్యుండొచ్చు, కానీ అబ్బాయిలు అంతమంది ఉన్నారు. వాళ్ళు స్టేషన్ దాకా రారు. ఒక తండ్రి కొడుకుని తీసుకుని నా దగ్గరికి వచ్చాడు, అంతకుముందే స్కూల్ వాళ్ళు పిలిచి కూర్చోబెట్టి "మగపిల్లాడే కదా సార్, మీకేం పోయింది, టీసీ ఇస్తాం, ఫీజు వాపస్ ఇస్తాం, ఆ మేడమ్‌ని మానిపించేస్తాం" అన్నారట. మానిపించడం అంటే వేరే ఊళ్ళో వేరే స్కూల్లో చేరడమే, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో సహా. ఆ తండ్రి కూడా సంతకం పెట్టేసి వచ్చాడు, నా దగ్గరికి వచ్చింది ఫీజు వాపస్ ఇవ్వలేదని. 20 ఏళ్ళ కనీస శిక్ష ఉందని తెలిశాక కొన్ని ఇళ్ళల్లో ఇంకా వెనకాడతారు, చిన్న పిల్లలున్న ఆడమనిషిని అంతకాలం జైలుకి పంపామన్న మాట మనకెందుకని.

స్కూల్ వాళ్ళకి అలా సెటిల్ చేసే హక్కు లేదు. సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ ఇన్‌చార్జి అయితే ఏడాది దాకా. సాయం కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు. హైదరాబాద్‌లో భరోసా సెంటర్ ఉంది, పిల్లల్ని స్టేషన్‌లో కూర్చోబెట్టకుండా అక్కడ వాంగ్మూలం తీసుకుంటారు, అబ్బాయిలకి కూడా. మీ టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో ఆ ముంబై పిల్లాడి స్కూలు పేరో ఫొటోనో తిరుగుతుంటే అది తీయించండి ముందు, సెక్షన్ 23 ప్రకారం బాధితుడి గుర్తింపు బయటపెట్టకూడదు, నవ్వే బొమ్మల సంగతి తర్వాత.