జ్ఞా: ఫోన్లను ఆపింది అక్షరమేనా?

సింగరాయకొండ నుంచి:
అందరికీ నమస్కారం. ‘మన తెలుగోళ్ళ జ్ఞానం తట్టుకోలేక ఐఫోన్లు ఆగిపోయినయ్’ అనే మాట మళ్ళీ వాట్సాప్‌లో తిరగతా ఉంది. సరదా మాటే, ఫర్వాలా. కానీ దాని కింద ‘ఈ అక్షరం ఎవరికీ పంపొద్దు, ఇది వైరస్’ అని ఇంకో ముక్క తగిలించారు. అది చూసి పిల్లలు జ్ఞ రాయడానికే వెనకాడితే ఎట్లా? రెండు సంగతులు తెలియాలి. తప్పు అక్షరానిదా, ఫోనుదా? ఇంకోటి, జ్ఞానం అని రాస్తాం, గ్యానం అని పలుకుతాం. అసలు పలుకు ఏది?

నెల్లూరు నుంచి, సాఫ్ట్‌వేర్ పని:
మొదటిదానికి నేను చెప్తా. ఇది 2018 ఫిబ్రవరి నాటిది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఆ యాప్ మూతపడేది. అదే అక్షరం నోటిఫికేషన్‌లో వస్తే తెర మొత్తం ఆగి మళ్ళీ మొదలయ్యేది. మ్యాక్, యాపిల్ వాచీల్లో కూడా ఇదే గొడవ. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ తర్వాతి వెర్షన్ ఏదున్నా ఆ అక్షరం ఎన్నిసార్లు పంపినా ఏమీ కాదు. ఆండ్రాయిడ్‌లో అక్షరాలు కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే వేరే ప్రోగ్రాముది, అందుకని అక్కడ ఈ తప్పు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మనం మామూలుగా రాసే జ్ఞా ఏ ఫోన్నీ ఆపలేదు. దాన్ని విడదీస్తే నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. యూనికోడ్ సంఖ్యల్లో (కంప్యూటర్లన్నీ ఒక్కో అక్షరానికి వాడే సంఖ్యలు) 0సి1సి, 0సి4డి, 0సి1ఇ, 0సి3ఇ. ఫోన్లను ఆపినదాంట్లో ఐదో ముక్క ఒకటి ఉంది. ఞ కీ దీర్ఘానికీ మధ్య 200సి అనే కనిపించని గుర్తు. దాని పని రెండు అక్షరాలు అతుక్కోకుండా విడిగా ఉంచడం. అది ఉండాల్సిన చోటు వేరు. జ్ఞా నడుమ దానికి పని లేదు.

అంత చిన్న గుర్తుకి ఫోను ఎందుకు ఆగాలి అంటే, తెలుగులో టైపు చేసే వరుస వేరు, తెర మీద గీసే వరుస వేరు. టైపు చేసేటప్పుడు దీర్ఘం అందరికన్నా చివర వస్తుంది. గీసేటప్పుడు అది వెనక్కి పోయి మొదటి హల్లయిన జ నెత్తిన కూర్చోవాలి, ఞ కిందికి దిగి ఒత్తు కావాలి. అంటే దీర్ఘం ఒత్తును దాటుకుని పోవాలి. ఆ దారిలో కనిపించని గుర్తు అడ్డంగా ఉంటే యాపిల్ వాళ్ళ కోర్‌టెక్స్ట్ అనే భాగం లెక్క తప్పింది, తనది కాని మెమరీలో రాసేసింది. యాపిల్ ఇచ్చిన భద్రతా వివరణలో కూడా దీన్ని కోర్‌టెక్స్ట్‌లో మెమరీ చెడిపోయే లోపం అనే రాశారు. వైరస్ అనే మాట దాంట్లో లేదు.

ఇంకోటి. జ్ఞ ఒక్కటే కాదు, ఒత్తున్న వేరే తెలుగు అక్షరాల్లో అదే చోట అదే గుర్తు పెట్టినా ఆగేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా కొన్ని కూర్పులకి ఇదే జరిగింది. జ్ఞా ముందు బయటపడింది కాబట్టి పేరు దానికి వచ్చింది. ఐత్వం పెడితే మాత్రం ఆగేది కాదు. ఐత్వాన్ని కంప్యూటర్ రెండు ముక్కలుగా చూస్తుంది, పైన ఎత్వం, కింద ఇంకో గుర్తు. వాటిని కూర్చే దారి వేరు.

సింగరాయకొండ నుంచి:
అన్నా, అయితే తెలుగుకే ఎందుకిట్లా అయింది?

నెల్లూరు నుంచి:
తెలుగుకి ఒక్కదానికే కాదబ్బా. 2015 మే నెలలో అరబిక్ అక్షరాలున్న ఒక వరుస ఐఫోన్లను ఇట్నే ఆపింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా బొమ్మ కలిసిన మెసేజ్ ఇంకోసారి ఆపింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కే లిపుల్లో, కుడి నుంచి ఎడమకి పోయే లిపుల్లో కూర్పు పని ఎక్కువ. తప్పుకి సందు అక్కడ దొరుకుతుంది. ప్రోగ్రాము రాసినోళ్ళు ఆ లిపులతో సరిగా పరీక్ష చెయ్యకపోతే మనదాకా వచ్చి పడుతుంది. అందుకని నేను అడిగేది ఒకటే: ‘తెలుగు అక్షరం ఫోన్లను ఆపింది’ అనొద్దు. ‘తెలుగు అక్షరాన్ని కూర్చడం ఫోనుకి రాలేదు’ అనండి. రెండు వాక్యాల్లో కర్త ఎవరో చూడండి.

కావలి నుంచి, డీటీపీ సెంటర్:
కర్త సంగతి బాగా చెప్పినావన్నా. ఆ కనిపించని గుర్తు ఈరోజుకి కూడా ఫైళ్ళలో ఉంటా ఉంది, దాని గురించి నేను చెప్పేది వినండి. ఫోను ఆగదు గానీ పని ఆగుతుంది.

యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్ల మేటర్‌ని కన్వర్టర్లో వేసి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు, పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు, ఇట్లాంటి గుర్తులు ఉండకూడని చోట ఇరుక్కుంటాయి. గుర్తు ఇరుక్కున్న పేరు కూడా కంటికి జ్ఞానమ్మ లాగే కనిపిస్తుంది. అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రాముకి అవి వేరే వేరే పేర్లు. రెండు లిస్టులు కలపబోతే ఒకే మనిషి రెండుసార్లు వస్తుంది.

కనిపెట్టే పద్ధతి ఇది. ఎక్సెల్‌లో గడిలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టే లెన్ ఫార్ములా పెట్టండి. జ్ఞా ఒక్కటే ఉన్న గడికి 4 రావాలి. 5 వస్తే లోపల ఏదో దాక్కుంది. వర్డ్‌లో అయితే అనుమానం ఉన్నచోట కర్సర్ పెట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే, దాని ముందున్న అక్షరం సంఖ్య బయటికి వస్తుంది. 200సి అని వస్తే అదే. మళ్ళీ ఆల్ట్ ఎక్స్ నొక్కితే మామూలుగా అయిపోతుంది.

తీసెయ్యడానికి ఎక్సెల్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములా ఉంది. యూనికార్ 8204 అంటే ఆ గుర్తు, 200సి నే మామూలు అంకెల్లో రాస్తే 8204. దాని బదులు ఏమీ లేకుండా, స్పేస్ కూడా లేకుండా పెడితే పోతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మొత్తం ఫైల్లో ఒక్క దెబ్బతో తీసేస్తే సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట ఒత్తుతో పాటు వ కూడా ఒత్తుగా పడి, అక్షరాలు ముద్దయిపోతాయి. ఆ మాటల్లో పొల్లు తర్వాత ఆ గుర్తు ఉండాల్సిందే. కాబట్టి మూడు సార్లు తిప్పాలి. ముందు పొల్లూ గుర్తూ పక్కపక్కన ఉన్నచోటల్లా, ఫైల్లో ఎక్కడా లేని ఇంకో గుర్తు పెట్టాలి, మాటకి హ్యాష్ అనుకోండి. పొల్లు కావాలంటే యూనికార్ 3149. తర్వాత మిగిలిన 8204లు అన్నీ తీసెయ్యాలి. చివర హ్యాష్ తీసి మళ్ళీ పొల్లూ గుర్తూ పెట్టాలి. పొల్లు తర్వాత ఉంటే పనికొచ్చేది, ఇంకెక్కడున్నా చెత్త.

టైపింగ్‌లో జ్ఞకి వచ్చే తప్పు ఇంకోటి. షీల్డుల మీద, పెళ్ళి పత్రికల మీద, ఫ్లెక్సీల మీద ఈ అక్షరం ఎక్కువగా మూడు మాటల్లో వస్తుంది: జ్ఞాపిక, కృతజ్ఞతలు, విజ్ఞప్తి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేవాళ్ళు జె తర్వాత ఉత్త ఎన్ కొడితే కొన్నింటిలో జ్న పడుతుంది. కృతజ్నతలు అని అచ్చయిపోయి స్టేజీ మీద నిలబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో (ఒక్కో తెలుగు అక్షరానికి ఒక్కో మీట ఉండే పద్ధతి) ఈ తంటా లేదు: జ కి పి, పొల్లుకి డి, ఞ కి షిఫ్ట్ పట్టుకుని కుడివైపు బ్రాకెట్ మీట, దీర్ఘానికి ఇ. ఏ పద్ధతిలో కొట్టినా అచ్చుకి పంపే ముందు అక్షరం సైజు పెద్దది చేసి ఒత్తు చూసుకోండి. న ఒత్తు సన్నగా ఉంటుంది, ఞ ఒత్తు వెడల్పుగా మెలికలు తిరిగి ఉంటుంది.

ఆ వెడల్పు ఒత్తు వల్లనే ఇంకో చిక్కు. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి, 14 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్లే ఇస్తే జ్ఞ కాళ్ళు తెగిపోతాయి. సింగిల్ గానీ, ‘ఎట్ లీస్ట్’ గానీ పెట్టండి, ఒత్తు మొత్తం పడుతుంది.

ఒంగోలు నుంచి, తెలుగు పంతులమ్మ:
పలుకు గురించి అడిగింది మిగిలిపోయింది. జ్ఞ లో ఉన్నవి జ, ఞ. రాతలో అది స్పష్టం. పలకడానికి మాత్రం ఏ నోటికీ తేలిక కాదు. హిందీ వాళ్ళు గ్య అంటారు, మరాఠీ వాళ్ళు ద్న్య అంటారు. తమిళంలో జ ని వదిలేసి ఞానం, ఞాపకం అని ఉత్త ఞ తోనే రాసుకున్నారు. మన నెల్లూరు, ఒంగోలు వైపు గ్యానం, గ్యాపకం వినపడతాయి. చదువుకున్న నోట గ్నానం కూడా ఉంది. ‘బుద్ధీ గ్యానం ఉందా’ అని తిట్టేటప్పుడు ఎవరూ జ్ఞ పలకరు. నోటితో గ్యానం అంటే తప్పు పట్టక్కర్లేదు. రాతలో మాత్రం జ్ఞ నే ఉంచాలి. ఎందుకంటే తెలుగులో ఞ కి మిగిలిన ఇల్లు దాదాపు ఇదొక్కటే. వెనక పఞ్చ అని రాసినచోట ఇప్పుడు సున్న పెట్టి పంచ అంటున్నాం. వర్ణమాలలో ఉన్న ఆ అక్షరం మనం రోజూ రాసే రాతలో బతికి ఉన్నది జ కింద ఒత్తుగానే.

ఇక్కడ ఒక సొగసు చూడండి. కంప్యూటర్‌కి కష్టమైన ఈ కూర్పు వెనకటి తెలుగు నోటికీ కష్టమే అయింది. ఆ నోరు ఆగిపోలేదు, దారి వెతుక్కుంది. యజ్ఞం జన్నం అయింది. ఆజ్ఞ ఆన అయింది. సంజ్ఞ సన్న అయింది, కనుసన్న అంటాం కదా. ప్రతిజ్ఞ ప్రతిన, విజ్ఞాపనం విన్నపం, రాజ్ఞి రాణి. అన్నింట్లో జ పోయింది, ఞ కాస్తా న గానో ణ గానో మిగిలింది. తిక్కన గారు యజ్ఞం చేసి సోమయాజి అయ్యారు. ఆ కాలానికి జన్నం, యజ్ఞం రెండూ తెలుగులో పక్కపక్కన నడిచినవే. అంటే తత్సమం ఉంచుకోవడం, తద్భవం చేసుకోవడం రెండూ మన పద్ధతే. ఏది ఎక్కడ వాడాలో రాసేవాళ్ళు చూసుకోవాలి.

కావలి తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఆ గుర్తు ఉండాల్సిందే అన్నారు. నాకు ఒప్పుదల కాలేదు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు కోరుకుంటుంది. సాఫ్టువేరు, డౌనులోడు అని రాస్తే కనిపించని గుర్తుతో పనే లేదు. మన వైపు నోట కూడా ‘సాఫ్టువేరు పని చేస్తుండాడు’ అనే వస్తుంది గదా.

కావలి నుంచి:
మేడం, నోటి మాటకి మీరు చెప్పింది ఖాయం. కానీ పని ఇచ్చినోళ్ళు తెచ్చిన మేటర్‌లో కంపెనీ పేరు పొల్లుతో ఉంటే నేను ఉకారం చేర్చలేను. పేర్లకి గుర్తు వాడతా, మామూలు మాటలకి మీ పద్ధతి. కరెంటు, బస్సు, ఫోను అని ఇప్పటికే రాస్తుండాం, ఫైలు, మౌసు కూడా అట్నే పోతాయి.

నెల్లూరు నుంచి:
మేడం పద్ధతిలో లాభం ఇంకోటి ఉంది. డౌన్‌లోడ్ అని పొల్లులతో రాస్తే, గుర్తు ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. ఫైల్లో వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకదు. డౌనులోడు అని రాస్తే ఎవరు కొట్టినా ఒకే వరుస పడుతుంది.

సింగరాయకొండ నుంచి:
ఇంకొకటి అడగతా. ఎస్సెమ్మెస్‌లో తెలుగు రాస్తే తొందరగా నిండిపోతుంది, జ్ఞ లాంటివి ఎక్కువ చోటు తింటాయా?

నెల్లూరు నుంచి:
తింటాయి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు. తెలుగు ఒక్కటి కలిసినా మొత్తం యూనికోడ్‌లోకి పోయి 70కి పడిపోతుంది. అంతకు మించి పొడుగైతే ఒక్కో ముక్కకి 67. జ్ఞా మనకి ఒక అక్షరం, ఫోను లెక్కలో 4. పొల్లుకి ఒకటి, ఒత్తయ్యే హల్లుకి ఒకటి, గుణింతానికి ఒకటి విడివిడిగా లెక్క.

ఒంగోలు నుంచి:
అయితే విజ్ఞప్తి, విన్నపం లెక్క కట్టి చెప్పండి నాయనా.

నెల్లూరు నుంచి:
విజ్ఞప్తికి 9 మేడం: వ, గుడి, జ, పొల్లు, ఞ, ప, పొల్లు, త, గుడి. విన్నపానికి 7: వ, గుడి, న, పొల్లు, న, ప, సున్న.

కావలి నుంచి:
ఈసారి ఎవరన్నా ‘ముఖ్య విజ్ఞప్తి’ అని ఫ్లెక్సీకి మేటర్ తెస్తే ‘మా విన్నపం’ అని ఒక నమూనా కూడా వేసి చూపిస్తా. అక్షరం ఇంకా పెద్దగా పడుతుంది, దూరం నుంచి చదువుకోవచ్చు. జ్ఞాపికకి మాత్రం బదులు మాట నాకు తట్టలేదు. దాన్ని జ్ఞ తోనే, ఒత్తు తెగకుండా వేస్తా.