ఎస్‌డబ్ల్యూఐలో లీజన్ మధ్య సిర: మినిప్‌లో ఉంది, విడి స్లైసులో లేదు

ప్రశ్న – వోక్సెల్

3టీ (3 టెస్లా) ఎంఆర్ఐ స్కానర్. 2024 మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు (ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని నిర్ధారించే నియమాలు) వచ్చాక, ఎంఎస్ అనుమానం ఉన్న ప్రతి కేసులోనూ సెంట్రల్ వెయిన్ సైన్ (లీజన్, అంటే మెదడులోని మచ్చ, నడిమధ్యలోంచి సిర పోవడం) ఉందో లేదో రాయమంటున్నారు. మా ఎస్‌డబ్ల్యూఐ (సిరల్ని నల్లగా చూపే సీక్వెన్స్, అంటే స్కాన్ పద్ధతి) స్లైసు 2 మి.మీ., రిపోర్టుకి 8 స్లైసుల మినిప్ (ఆ స్లైసుల్లో ప్రతి చోటా అన్నిటికంటే నల్లటి చుక్కనే ఏరి ఒకే బొమ్మగా కలిపింది) చూస్తున్నాం. మినిప్‌లో దాదాపు ప్రతి లీజన్‌లోనూ సిర ఉన్నట్టుంది. విడి స్లైసుల్లో ఎక్కడా లేదు. దేన్ని నమ్మాలి? ఇంకొకటి: సర్వైకల్ శాజిటల్ టీ2లో (మెడని పక్కనుంచి చూపే, నీరు తెల్లగా వచ్చే బొమ్మ) వెన్నుపాము మధ్య నిలువునా సన్నటి తెల్లగీత వస్తోంది. సిరింక్స్ (వెన్నుపాము లోపల నీరు నిండిన ఖాళీ) అనాలా?

జవాబు – కే_స్పేస్

మినిప్‌ను అసలు నమ్మకండి. 8 స్లైసులంటే 16 మి.మీ. మందం. లీజన్‌కి 5 మి.మీ. పైన పోతున్న సిర కూడా దాని నడిమధ్యలోంచి పోయినట్టే కనబడుతుంది. ఇక 2 మి.మీ. స్లైసులో, ఆ మందానికి సగం కూడా లేని సిర నలుపు పక్క కణజాలంతో కలిసి పలచబడిపోతుంది. అందుకే రెండూ తప్పే చెబుతున్నాయి.

3డి సెగ్మెంటెడ్ ఈపీఐ టీ2‌స్టార్, అంటే సిరల్ని నల్లగా చూపే ఇంకో వేగమైన సీక్వెన్స్, 0.65 మి.మీ. ఐసోట్రోపిక్ (మూడు దిశల్లోనూ అదే కొలత) పెట్టుకోండి, మొత్తం మెదడుకి సుమారు ఆరు నిమిషాలు. ఆ సీక్వెన్స్ లేకపోతే ఎస్‌డబ్ల్యూఐనే 1 మి.మీ.కి దించండి. టీఈ (ఎకో టైమ్, సిగ్నల్ పట్టుకునే ముందు ఆగే సమయం) 3టీలో 20 మిల్లీసెకన్ల దగ్గర, 1.5టీలో 40 దగ్గర. కాంట్రాస్ట్ ఎలాగూ ఇచ్చే కేసయితే ఇంజెక్షన్ తర్వాతే తీయండి, సిరలు ఇంకా నల్లగా తేలతాయి. 3డి ఫ్లెయిర్‌ను (మచ్చల్ని తెల్లగా చూపే సీక్వెన్స్) టీ2‌స్టార్ గ్రిడ్ మీదకి రిజిస్టర్ చేసి (సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి) వోక్సెల్‌కి వోక్సెల్ (బొమ్మలోని అతిచిన్న గడి) గుణిస్తే ఫ్లెయిర్‌స్టార్ వస్తుంది: తెల్లటి లీజన్, దాని లోపల నల్లటి గీత. తల కాస్త కదిలినా ఆ గీత పోతుంది, కాబట్టి దవడ పక్కన ప్యాడ్లు బిగించాకే మొదలుపెట్టండి.

జవాబు – తెల్లపదార్థం

లెక్కపెట్టేటప్పుడు కఠినంగా ఉండాలండీ. ఏ ప్లేన్‌లోనైనా 3 మి.మీ. కంటే చిన్నవి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినవి, ఒకటికి మించి సిరలున్నవి, సరిగ్గా కనబడనివి ముందే పక్కన పెట్టండి. మిగిలినవాటిలో సిర 2 మి.మీ. లోపు సన్నగా ఉండాలి, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు ప్లేన్లలో కనబడాలి, కనీసం ఒకదాంట్లో గీతలా ఉండాలి (రెండింట్లోనూ చుక్కే అయితే మైక్రోబ్లీడ్, అంటే చిన్న రక్తస్రావం, కావచ్చు), అంచులకి సమదూరంలో పోవాలి. అంచు వెంబడి రాసుకుంటూ పోయే సిరని చేర్చేయడమే అందరూ చేసే పొరపాటు. ఈ షరతులన్నీ నిండిన లీజన్లు ఆరు దొరికితే సెంట్రల్ వెయిన్ సైన్ ప్రమాణం నిండినట్టే. మైగ్రేన్‌లోనూ చిన్న రక్తనాళాల జబ్బులోనూ వచ్చే మచ్చల్లో ఎక్కువవాటికి మధ్యలో సిర ఉండదు. ఈ గుర్తు విలువంతా అక్కడే ఉంది, సడలించి లెక్కపెడితే లేని ఎంఎస్‌ని రోగికి అంటగట్టినట్టవుతుంది.

జవాబు – రీడౌట్

రెండో ప్రశ్నకి. ఆక్సియల్ (అడ్డకోత బొమ్మ) చూడకుండా సిరింక్స్ అని రాయకండి. అది గిబ్స్ ఆర్టిఫాక్ట్ (స్కాన్ లెక్కల వల్ల పడే దొంగగీత) అయ్యే అవకాశమే ఎక్కువ. తెల్లటి సీఎస్ఎఫ్ (వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం), ముదురు వెన్నుపాము కలిసే చోట అంచుకి సమాంతరంగా గీతలు పడతాయి, రెండు వైపుల గీతలూ మధ్యలో కలిస్తే సిరింక్స్‌లా కనబడుతుంది. ఇక్కడా కారణం పిక్సెల్ పెద్దదవడమే. మీ ఫేజ్ దిశ (బొమ్మకి డేటా ఒక్కో గీత చొప్పున పోగయ్యే దిశ; దానికి అడ్డంగా ఉండేది రీడౌట్) ముందు-వెనకలుగా ఉందేమో చూడండి. దాన్ని తల-కాళ్ల దిశకి మార్చితే ముందు-వెనక దిశకి రీడౌట్ వస్తుంది, అక్కడ మ్యాట్రిక్స్ (పిక్సెళ్ల సంఖ్య) పెంచినా టైమ్ పెద్దగా పెరగదు. మింగినప్పుడు వచ్చే నీడలు కూడా వెన్నుపాము మీద పడవు. ఫేజ్ ఓవర్‌శాంప్లింగ్ (కావలసిన చోటుకి బయట కూడా డేటా తీయడం) మరిచిపోతే మాత్రం పైదీ కిందదీ చుట్టుకొచ్చి పడతాయి. గొంతు మీద శాచురేషన్ బ్యాండ్ (అక్కడి సిగ్నల్‌ని అణిచేసే పట్టీ) వేయండి. పిక్సెల్ మార్చగానే గీత జరిగితే, లేదా మాయమైతే, అది సిరింక్స్ కాదు.

వోక్సెల్

ఆక్సియల్‌లో ఏమీ లేదు. ఫేజ్ ముందు-వెనకలుగానే ఉంది, మార్చాను. మినిప్‌ను రిపోర్టింగ్ లేఅవుట్ నుంచి తీసేశాను.