గోదారి ఇళ్ళల్లో భోజనాల దగ్గర నవ్వులు, మీ ఊళ్ళో ఎలా ఉంటాయి?

తణుకమ్మాయి:
మాది తణుకు దగ్గర పల్లెటూరండి, ఇప్పుడు పూణేలో ఉంటున్నా. మా ఇంట్లో జోకు చెప్తా వినండి అని ఎవరూ చెప్పరు, మామూలుగా మాట్లాడుతుంటేనే నవ్వొచ్చేస్తుంది, అదీ ఎక్కువగా కంచాల ముందే. పప్పులో నెయ్యి తక్కువైతే మా పెదనాన్న నెయ్యి వెయ్యమని అడగరు, "ఏమ్మా, మన గేదె కులాసాగానే ఉందా?" అని మా అమ్మని అడుగుతారు, అమ్మ నవ్వాపుకుంటూ నేతిగిన్నె తెస్తుంది. ఇదంతా మనకి సినిమాల నుంచి అలవాటయ్యిందా, లేక సినిమాలోళ్ళే మన దగ్గర్నుంచి పట్టుకెళ్ళారా? మీ ఇళ్ళల్లో మాటలు కూడా రాయండి ప్లీజ్, నాకు ఇవంటే ప్రాణం.

నరసాపురం రేవు:
సినిమాలోళ్ళే పట్టుకెళ్ళారండి, డౌటే లేదు. జంధ్యాల గారు 1951లో మా నరసాపురంలోనే పుట్టారు, బాపు గారిదీ ఇదే ఊరు, ముళ్ళపూడి గారిది ధవళేశ్వరం. 1987లో వచ్చిన అహ నా పెళ్ళంటలో కోట గారు కోడిని వేలాడదీసి దాన్ని చూసుకుంటూ అన్నం తింటారు కదా, అది మా వైపు అంతలా ఎందుకు పేలిందంటే తిండి పెట్టే దగ్గర పిసినారితనం మనోళ్ళు అస్సలు ఓర్చుకోలేరు, అందుకే అలాంటోడ్ని చూస్తే కడుపుబ్బ నవ్వుతారు. ఇప్పటికీ మా ఇంట్లో కూరలో ముక్కలు తక్కువైతే ఎవరూ ఏమీ అనరు, అందరూ ఒక్కసారే తలెత్తి ఫ్యాను వంక చూస్తారు. అంతే, వంటగదిలోంచి మా అత్త కేకలు మొదలు.

అమలాపురం కోడలు:
నేను అనంతపురం నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. కొత్తలో నేను చేపల పులుసు పెడితే మా మామగారు ఒక ముద్ద తిని "అమ్మాయ్, ఫైరింజనుకి ఫోన్ చేసే వడ్డించావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ ఆయన అదే నోటితో ఇంకో గరిటె వెయ్యమన్నారు. మా అత్తగారు తర్వాత చెప్పారు, బాగోకపోతే ఆయన గమ్మున తిని లేచిపోతారు, మాట అన్నారంటే నచ్చినట్టే అని. కొత్తగా వచ్చినోళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే పాపం నిజంగా బాధపడతారు.

రావులపాలెం నుంచి:
మాకు ఆత్రేయపురం పక్కనే. బయటూరి ఫ్రెండుకి పూతరేకు ఇస్తే పైన కాయితం అనుకుని జాగ్రత్తగా ఊడదీస్తా కూర్చున్నాడు, బెల్లం అంతా ఒళ్ళో పడింది. మా నాన్నమ్మ నవ్వీ నవ్వీ, వాడ్ని పక్కన కూర్చోబెట్టుకుని బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, అది కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు రావడం అంతా చెప్పింది. ఇక వరదల టైములో పులస దొరికితే మా బాబాయి బండి ఉన్నా ఎక్కడు, తోక బయటికి కనపడేలా సంచీ పట్టుకుని వీధంతా నడిచే వస్తాడు. ప్రతి అరుగు మీద నుంచీ ఒకటే మాట, "ఏరా, ఏ పొలం అమ్మేవ్?"

తణుకమ్మాయి:
అయ్యబాబోయ్, ఫ్యాను వంక చూడ్డం మాత్రం మా పెదనాన్నకి ఇవాళే ఫోన్ చేసి చెప్తా. కాకినాడ, యానాం వాళ్ళెవరూ రాయలేదేంటండి?