తిరువాన్కూరు రాణి గౌరీ లక్ష్మీబాయి 1812 శాసనం గురించి సహాయం కావాలి

అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం నేటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానపు రాణి గౌరీ లక్ష్మీబాయిపై నాటకం రాస్తూ ఒక ఘట్టం దగ్గర ఆగిపోయాను.

1798లో బాలరామవర్మ పిన్నవయసులోనే గద్దెనెక్కగా, ఆయన కొలువులో అధికారం చేజిక్కించుకున్న జయంతన్ నంబూతిరి, అతని సహచరులు బలవంతపు వసూళ్లతో జనాన్ని పీడించారు. వేలుతంపి వెంట ప్రజలు తిరగబడితే గానీ ఆ పీడ విరగడ కాలేదు. ఆపైన ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన కప్పం, ఆ కంపెనీతో 1809 నాటి యుద్ధం రాజ్యాన్ని కుంగదీశాయి. 1810లో ఆ భారం ఇరవై ఏళ్లు నిండని లక్ష్మీబాయిపై పడింది. మరుసటి ఏడు ఆమె దివాన్ ఉమ్మిణి తంపిని తప్పించి, రెసిడెంట్ (కొలువులో కంపెనీ ప్రతినిధి) జాన్ మన్రోకే దివాన్ పదవి అప్పగించింది (మన రాయలసీమకు తెలిసిన థామస్ మన్రో వేరు). న్యాయస్థానాలు కూడా ఏర్పడ్డాయి.

నా చిక్కు 1812 శాసనంతోనే. బానిసల క్రయవిక్రయాలను నిషేధించిన ఆ శాసనం, భూమికి కట్టుబడిన పులయ వంటి కులాల వ్యవసాయ బానిసలను మినహాయించింది. ఆమెపై నాకెంత గౌరవమున్నా, ఈ మినహాయింపును దాచి పిల్లలకు కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆ శాసనం మలయాళ మూలపాఠం చదివినవారు, దాన్ని తెలుగు చేయగలవారు ఉన్నారా? భూస్వాముల ఒత్తిడే ఆ మినహాయింపుకు కారణమని చెప్పే ఆధారాలేమైనా చూశారా? ఆనాటి కొలువులో దివాన్ రాణిని ఏమని సంబోధించేవాడో కూడా దయచేసి తెలియజేయండి. 1815లో ఆమె మరణంతో నాటకం ముగుస్తుంది కనుక, అంతకు ముందరి వివరాలే నాకు చాలు.