అమెరికాలో మ్యూజిక్ బిజినెస్ డిగ్రీ: ఈ ప్రొఫైల్‌కి సీటు వస్తుందా?

గంటస్తంభం17:
మాది విజయనగరం. ఇంటర్ సీఈసీ సెకండియర్, ఫస్టియర్లో 500కి 462. వయొలిన్ సర్టిఫికెట్ కోర్సు చివరి ఏడాది. ఊళ్లో 16 మంది తప్పెటగుళ్ల (ఛాతీకి కట్టిన తప్పెట కొడుతూ ఆడిపాడే మన జానపద కళ) బృందానికి రెండేళ్లుగా బుకింగులు, అడ్వాన్సులు, యూట్యూబ్ ఛానెల్ నేనే చూస్తున్నా. బోస్టన్‌లోని బెర్క్‌లీ మ్యూజిక్ కాలేజీ, ఎన్‌వైయూ (న్యూయార్క్ యూనివర్సిటీ), బెల్మాంట్ యూనివర్సిటీ అనుకుంటున్నా. ఇంట్లో ఏడాదికి 15 లక్షలకు మించి పెట్టలేరు. శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే పరీక్ష) రాయలేదు. ఉన్నదున్నట్టు చెప్పండి.

నాగావళి ఒడ్డు:
మార్కుల సంగతి తర్వాత, ముందు డబ్బు తేల్చుకో తమ్ముడూ. బెర్క్‌లీ అయినా ఎన్‌వైయూ అయినా ఫీజు, గది, తిండి కలిపి ఏడాదికి 70 వేల డాలర్లు దాటిపోతుంది. నీ 15 లక్షలు అందులో పావు వంతు. విదేశీ పిల్లలు సాయం అడిగితే చాలా కాలేజీలు అది కూడా చూసుకునే సీటిస్తాయి. పోనీ ఇప్పుడు అడక్కుండా చేరాక అడుగుదామంటే, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కావాలంటేనే మొదటి ఏడాది ఖర్చు మొత్తానికి బ్యాంకు కాగితాలు చూపాలి. పొలం విలువ సర్టిఫికెట్ అక్కడ డబ్బు కింద లెక్కకు రాదు.

ఎన్‌వైయూలో పదిమంది అప్లై చేస్తే ఒక్కరికి కూడా రావడం లేదు. నవంబరు 1 గడువుండే ఎర్లీ డెసిషన్ (ముందస్తు అప్లికేషన్) వేస్తే, సీటొస్తే చేరతానని ఒప్పుకున్నట్టే. డబ్బు తేలకుండా దాని జోలికి పోకు. నాష్‌విల్‌లోని బెల్మాంట్‌లో మ్యూజిక్ బిజినెస్ అంటే బీబీఏ డిగ్రీ, ఆడిషన్ లేదు. నీ మూడింట్లో కాస్త అందేది అదే, స్కాలర్‌షిప్ తోడైతే. మిడిల్ టెనసీ స్టేట్ కూడా లిస్టులో పెట్టు. ప్రభుత్వ యూనివర్సిటీ, రికార్డింగ్ ఇండస్ట్రీ కోర్సుకి పేరుంది, ఖర్చూ తక్కువ.

తంబుర శ్రుతి:
బెర్క్‌లీలో బిజినెస్ చదివేవాళ్లకీ ఆడిషన్, ఇంటర్వ్యూ తప్పవు. మన కర్ణాటక పిల్లలు ఎక్కువగా తడబడేది సైట్ రీడింగ్ (ముందు చూడని నొటేషన్‌ని అప్పటికప్పుడు చూసి వాయించడం) దగ్గరే. స్వరం రాసిస్తే గడగడా పాడతారు, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య సంగీత లిపి) కాగితం పెడితే బిగుసుకుపోతారు. రోజూ 20 నిమిషాలు, నాలుగు నెలలు పట్టు. తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంచి ఆ నొటేషన్ వాయిస్తే వేళ్ల లెక్క మొత్తం తప్పుతుంది. దానికి పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ శ్రుతి పెట్టుకున్న రెండో వయొలిన్ ఉంచుకో. వాళ్లు వాయించింది విని తిరిగి వాయించడంలో, ఇంప్రొవైజేషన్‌లో (అప్పటికప్పుడు అల్లి వాయించడంలో) మాత్రం నీకు ఢోకా లేదు, కల్పనస్వరం వేసే చెయ్యి కదా. ఐదు నిమిషాల్లో అయ్యే ముక్క ఎంచుకో. వర్ణం మొత్తం వాయిస్తానంటే మధ్యలో ఆపేస్తారు.

చంపావతి:
ఇద్దరూ వయొలిన్, డబ్బు చుట్టూ తిరిగారు. ఈ అబ్బాయి అసలు బలం ఆ తప్పెటగుళ్ల లెక్కల పుస్తకం. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్) ఒక్కో యాక్టివిటీకి ఇంగ్లిష్‌లో 150 అక్షరాలే పడతాయి. ‘జానపద కళకు సేవ చేశాను’ అని రాస్తే వృథా. ‘16 మంది; సీజన్‌కి ఇన్ని ప్రోగ్రాములు; రేటు ఇంత నుంచి ఇంతకి; అడ్వాన్సు లేకుండా బయల్దేరకూడదన్న రూలు’ అని రాయి బాబూ. అంకెలు నీ పుస్తకంలోవే ఉండాలి, ఇంటర్వ్యూలో తవ్వుతారు.

అదే కామన్ యాప్‌లో రాసే 650 పదాల వ్యాసానికి హక్కుల గొడవ మంచి సరుకు. తరాలుగా పాడే గంగమ్మ పాటకి కాపీరైట్ ఎవరికీ ఉండదు. కానీ మన చట్టంలో ఆడిపాడినవాళ్ల హక్కు 50 ఏళ్లు, రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు. షూట్ చేసినవాడితో కాగితం లేకపోతే అదే ఆడియోని వాడు ఇంకెక్కడో ఎక్కించి, మీ ఛానెల్ మీదే క్లెయిమ్ వేసే వీలుంది. అలాంటిది ఎదురైతే ఎలా తేల్చావో రాయి. ఎదురవకపోతే బృందంతో ఇప్పుడే ఒక పేజీ ఒప్పందం రాయించు, అదీ పనికొస్తుంది.

ఇంకోటి, 9వ తరగతి నుంచి మార్కులన్నీ అడుగుతారు. తొమ్మిదికి బోర్డు మెమో ఉండదు కాబట్టి స్కూలు లెటర్‌హెడ్ మీద సంతకం, సీలు వేయించుకో. కౌన్సెలర్ ఫారం (నీ గురించి నీ కాలేజీ నింపి పంపేది) ప్రిన్సిపాల్ కాలేజీ మెయిల్ నుంచే వెళ్లాలి. మామూలు జీమెయిల్ అయితే అనుమానించి మళ్లీ అడుగుతారు. దసరా సెలవుల ముందే పట్టుకో, పైడితల్లమ్మ సిరిమాను జాతర సందడి మొదలైతే ఆఫీసులో మనిషి దొరకడు.

గంటస్తంభం17:
థాంక్స్ అండీ. శాట్ రాయాలా మరి? ఇవేవీ రాకపోతే ఏటి చెయ్యాలి?

నాగావళి ఒడ్డు:
బెర్క్‌లీకి అక్కర్లేదు. మిగతావాటికి స్కాలర్‌షిప్ కోసమైతే రాయి, మంచి స్కోరొస్తేనే పంపు. రాకపోతే ఇక్కడే బీకామో బీబీఏనో చేస్తూ బృందం పని వదలకు. స్పెయిన్‌లోని వాలెన్సియా క్యాంపస్‌లో బెర్క్‌లీదే ఏడాది మాస్టర్స్ ఉంది, ఎంటర్‌టైన్‌మెంట్, మ్యూజిక్ బిజినెస్‌లో. నాలుగేళ్ల ఖర్చు ఒక్క ఏడాదికి దిగుతుంది, పైగా అప్పటికి నీ లెక్కల పుస్తకం ఐదేళ్లది అవుతుంది.