ఈత పరీక్షలో ఎలుక కాళ్లాడిస్తే డీబీఎస్ పనిచేసినట్టేనా?

హబెన్యులా:
సూటిగా అడుగుతున్నా. మెదడు లోపలికి ఎలక్ట్రోడ్ దించి కరెంటిచ్చే డీబీఎస్ డిప్రెషన్‌కి పనికొస్తుందని చెప్పే ఎలుకల పేపర్లు తిరగేస్తే మళ్లీ మళ్లీ కనబడేది బలవంతపు ఈత పరీక్షే. 25 డిగ్రీల నీళ్లున్న సిలిండరులో మొదటిరోజు 15 నిమిషాలు, మర్నాడు 5 నిమిషాలు. ప్రతి 5 సెకన్లకీ ఎలుక ఈదుతోందా, గోడెక్కబోతోందా, ఊరికే తేలుతోందా అని టిక్కు పెట్టడం. తేలడమంటే ప్రయత్నం మానేసి ఆశ వదులుకున్నట్టని లెక్క, అది తగ్గితే 'యాంటీడిప్రెసెంట్ తరహా ప్రభావం' అని రాసేస్తారు. ఎలుకల్లో అంత వెలిగింది మనుషుల దగ్గరికొచ్చేసరికి ఏమైంది? డిప్రెషన్ రోగుల్లో డీబీఎస్‌ని పరీక్షించిన బ్రాడెన్ ట్రయల్‌లో 90 మంది, 6 నెలలు. కరెంటు అందినవాళ్లలో 20 శాతం, అందనివాళ్లలో 17 శాతం మెరుగయ్యారు. ఈ మోడల్‌ని ఇంకా ఎందుకు మోయాలి?

నల్లమల:
నీళ్లలో ముంచితే ఎవరైనా ఈదుతారు. అంతే.

బ్రెగ్మా:
టెస్టుని తిట్టేముందు సర్జరీ చూడండి, తప్పులు సగం అక్కడే. ఎలుక మెదడు ముందువైపుండే ఇన్‌ఫ్రాలింబిక్ భాగానికి పోవాలంటే బ్రెగ్మా (పుర్రె ఎముకల అతుకులు కలిసే గుర్తు) నుంచి సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకి, మధ్యగీత నుంచి అర మిల్లీమీటరు కూడా లేని పక్కకి. సరిగ్గా ఆ ఎముక కిందే సాజిటల్ సైనస్ అనే పెద్ద సిర. డ్రిల్లు ఒకేసారి దిగేసిందా, రక్తం చిమ్ముతుంది. చల్లటి సెలైన్ వేస్తూ ఎముకని పలచగా అరగదీసి, చివరి పొరని సూదిమొనతో లేపాలి. రక్తం వస్తే జెల్‌ఫోమ్ (రక్తం ఆపే స్పాంజి) అద్ది ఆగాలి. తొందరపడి దించితే గడ్డని కూడా లోపలికి తోసినట్టే. ఆ దెబ్బ తగిలిన కణజాలానికి సెకనుకి 130 పల్సుల (130 హెర్ట్జ్) కరెంటు ఇచ్చి 'డీబీఎస్ పనిచేయలేదు' అని రాసేవాళ్లని ఏమనాలి? ఎలక్ట్రోడ్ ఉండి కరెంటు లేని గ్రూపు లేని పేపరు నేను చదవను.

ఫారం_బి:
బ్రెగ్మా గారూ, ఒక్క ప్రశ్న. సర్జరీ తర్వాత నొప్పికి ఏమిచ్చారు?

బ్రెగ్మా:
మెలాక్సికామ్, మూడ్రోజులు. ఏం?

ఫారం_బి:
అదే నేనడిగేది. స్పెయిన్ వాళ్లు 2014లో చూపించారు. కరెంటు లేకుండా, ఊరికే ఎలక్ట్రోడ్ దించినందుకే ఎలుకలు తేలడం తగ్గించాయి. మంటని (ఇన్‌ఫ్లమేషన్‌ని) తగ్గించే మందులు ఇస్తే ఆ ప్రభావం పోయింది. మెలాక్సికామ్ ఆ తరహా మందే. అంటే మీ కరెంటు లేని గ్రూపు ఎంతసేపు ఈదిందనేది మీరిచ్చిన మెలాక్సికామ్ మీద కూడా ఆధారపడుతుంది. ఒక ల్యాబు ఇస్తుంది, ఇంకో ల్యాబు ఇవ్వదు, పేపరులో ఎవరూ రాయరు. ఇక రెండు ల్యాబుల ఫలితాలు ఎలా పోలుస్తారు?

ఓమ్స్‌లా:
మందు గొడవ తర్వాత. అసలు కరెంటు ఎలుకకి అందుతోందా అని ఎంతమంది కొలిచారు? 100 మైక్రోఆంప్స్, 90 మైక్రోసెకన్లు అంటే పల్సుకి 9 నానోకూలంబుల ఛార్జి. స్టిమ్యులేటర్ మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. స్వివెల్ (కేబుల్ మెలిపడకుండా తిరిగే కీలు) దగ్గర టంకం ఊడిపోతుంది, ఎలుక కేబుల్ కొరికేస్తుంది, ఎలక్ట్రోడ్‌ని పట్టి ఉంచే తలమీది అక్రిలిక్ టోపీలో తేమ చేరి రెండు పిన్నులూ కలిసిపోతాయి. చేయాల్సింది చిన్న పని. వరుసలో 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టేజీని ఆసిలోస్కోపులో చూడండి. 100 మిల్లీవోల్టుల మెట్టు 90 మైక్రోసెకన్లు కనబడి, వెంటనే అవతలి దిశలోకి తిరగాలి. మెట్టు ఎత్తు తగ్గిందంటే స్టిమ్యులేటర్‌కి ఆ ఇంపీడెన్స్‌ని (కరెంటుకి ఎదురయ్యే అడ్డుని) నెట్టే వోల్టేజీ చాలడం లేదని. రెండో దిశ కనబడకపోతే ఇంకా ప్రమాదం: ఛార్జి పేరుకుని కణజాలం కాలుతుంది. అక్కడ స్టీలు ఎలక్ట్రోడ్ ఉంటే ఇనుము కరిగి మెదడులోకి దిగుతుంది కూడా, స్లైసులో ఆ మరక కనబడుతుంది. ప్లాటినం ఇరిడియం వాడండి. స్థిర వోల్టేజీ యంత్రమైతే ఇంకో తంటా. ఎలక్ట్రోడ్ చుట్టూ మచ్చ కణజాలం పెరిగేకొద్దీ ఇంపీడెన్స్ మారుతుంది, దాంతో మీరనుకున్న కరెంటూ మారిపోతుంది.

బ్రెగ్మా:
ఓమ్స్‌లా గారు చెప్పింది ఒప్పుకుంటా. కానీ ఈత పరీక్షకి కేబుల్ తొలగించాకే దించుతాం కాబట్టి నీళ్ల తేమ సమస్య లేదు. ఫారం_బి గారు మెలాక్సికామ్ అంటున్నారు కదా, బదులుగా బుప్రెనార్ఫిన్ (నల్లమందు తరహా నొప్పి మందు) ఇస్తాం. సరేనా?

హబెన్యులా:
బుప్రెనార్ఫిన్ దానంతటదే ఈత పరీక్షలో తేలడం తగ్గిస్తుంది! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు ఉంది. ఇక్కడ రెండు మందులు తెలిసినవాళ్లే ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లకే కంట్రోలు దొరకడం లేదు. నేను మొదట్నుంచీ అంటున్నదేమిటి మరి?

బ్రెగ్మా:
అయితే నొప్పి మందు మానేయమంటారా?

ఫారం_బి:
ఆ మాట వద్దు బ్రెగ్మా గారూ. తల తొలిచిన జంతువుకి మందు ఆపేస్తామని రాసిన దరఖాస్తు జంతు ప్రయోగాల నైతిక కమిటీ బల్ల దాటదు, దాటకూడదు కూడా. అన్ని గ్రూపులకీ ఒకే మందు, ఒకే మోతాదు, చర్మం కింద బుపివకెయిన్ (తిమ్మిరి మందు). మందు ఆపాక కనీసం రెండు వారాలకి టెస్టు. అది కూడా రాయలేని పేపరుకి విలువేముంది?

బ్రెగ్మా:
రెండు వారాలాగితే అక్రిలిక్ టోపీలు ఊడతాయి. స్క్రూలు నాలుగు పెట్టినా, ఎముక సరిగా ఆరకపోతే మూడోవారం మొదలయ్యేలోపు ఊడేవి ఊడతాయి. ఎలుకలెన్ని మిగులుతాయో లెక్కేసుకున్నారా? కమిటీలో కూర్చుని చెప్పడం తేలిక.

ఫారం_బి:
ఎముక మీద పెరాక్సైడ్ రుద్ది, గీతలు పెట్టి, ఆరబెట్టాకే అక్రిలిక్ పోస్తే ఊడవు. కూర్చుని కాదు, చూసే చెబుతున్నా.

రాత్రి_డ్యూటీ:
మీరంతా పుర్రె దగ్గరే ఆగిపోయారు. రోగుల వైపు నుంచి రెండు మాటలు. ఒకటి, మనుషుల్లో లక్ష్యం మెదడు ముందుభాగం లోపలివైపుండే సబ్‌కలోసల్ సింగ్యులేట్ పక్కన కలిసే తెల్లపదార్థపు (నరతంతువుల) కట్టలు. ఎలక్ట్రోడ్ మొన ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా వేరే కట్ట తగులుతుంది. ఎలుకలో మీరు తడుతున్నది ప్రధానంగా బూడిదపదార్థం, అంటే నరకణాలు. రెండు, 2010 నాటి ఎలుకల ప్రయోగంలోనే సెరోటోనిన్ నరాలని ముందే చంపేస్తే డీబీఎస్ ప్రభావం పోయింది, నోరెపినెఫ్రిన్ తీసేస్తే పోలేదు. బ్రాడెన్‌లో చేరినవాళ్లు ఎవరు? సెరోటోనిన్ మందులతో సహా అన్నీ వాడి వాడి గుణం కనబడనివాళ్లు. మీ ఎలుక ఒక్క మందూ చూడని పడుచు మగ ఎలుక. దానికి పనిచేసినదాంతో ఈ మనిషికి ఏం చెప్పగలరు?

బ్రెగ్మా:
ఇదే, ఇదే తప్పు అందరూ చేసేది! ఎలుక చూపిస్తే మనిషికి పెట్టారని ఎవరన్నారు? టొరంటోలో మొదటి 6 మందికి పెట్టింది ముందు, ఆ పేపరు 2005లో వచ్చింది, వాళ్లలో నలుగురు మెరుగయ్యారు. ఆ ఆలోచనకి ఆధారం మెదడు స్కాన్లు. ఎలుకల పేపరు 2010. పార్కిన్సన్‌లో వరుస వేరు: 1990లో ఎంపీటీపీ (పార్కిన్సన్ లక్షణాలు తెప్పించే విషం) ఇచ్చిన కోతుల్లో మెదడు లోతుల్లోని సబ్‌థలమిక్ కేంద్రాన్ని దెబ్బతీస్తే వణుకూ బిగువూ తగ్గాయి, మనుషుల్లో ఆ కేంద్రానికి డీబీఎస్ ఆ తర్వాత. డిప్రెషన్‌లో బండి ముందు, ఎద్దు వెనక. కాబట్టి బ్రాడెన్ పోయిందని ఎలుకని ఉరితీయకండి.

హబెన్యులా:
ఆహా, మరి ఇంతసేపూ దాన్ని డిప్రెషన్ మోడల్ అని ఎందుకు సమర్థించారు?

బ్రెగ్మా:
మోడల్ అనలేదు నేను. ఆ సర్క్యూట్‌లో కరెంటు ఏం చేస్తుందో చూసే పనిముట్టు అంటున్నాను. అదే భాగంలో కణాల్ని ఐబోటెనిక్ ఆసిడ్‌తో చంపడం ఒక్కటే డీబీఎస్ లాంటి ప్రభావం ఇవ్వలేదు, కణాలు పోయాక కూడా కరెంటిస్తే మాత్రం ప్రభావం వచ్చింది. అంటే కరెంటు ఆ ప్రాంతాన్ని ఊరికే మూసేయడం లేదు, దాని మీదుగా పోయే దారులతో ఏదో చేస్తోంది. ఈ సంగతి మనిషి మీద తేల్చగలరా మీరు?

హబెన్యులా:
తేల్చలేం, ఒప్పుకుంటున్నా. అయితే పేపరు శీర్షికలో 'యాంటీడిప్రెసెంట్' అన్న మాట తీసేయండి. 'ప్రీఫ్రంటల్ కరెంటు వల్ల ఎలుక నీళ్లలో ఎక్కువ కదిలింది' అని రాయండి. నా గొడవంతా ఆ ఒక్క మాటే. ఆ మాట చూసే పత్రికలు 'కుంగుబాటుకి మందు దొరికింది' అంటాయి, రోగుల ఇళ్లవాళ్లు దాన్ని పట్టుకుని ఆస్పత్రికొస్తారు.

బ్రెగ్మా:
ఆ మాట లేకపోతే గ్రాంటు రాదు సర్. 'క్లినికల్ ప్రాధాన్యం కనబడదు' అని ఒకే వాక్యంతో రెండుసార్లు తిప్పి పంపారు నావి. మీరు శీర్షిక మార్చమంటున్నారు, వాళ్లు శీర్షిక కోసమే డబ్బిస్తున్నారు.

రాత్రి_డ్యూటీ:
అదే అసలు సమస్యండీ, మీ ఇద్దరి మధ్య కాదు. ఇంకోటి. బ్రాడెన్‌లో 6 నెలలకి తేడా కనబడలేదు గానీ, తర్వాత అందరికీ కరెంటు ఆన్ చేసి రెండేళ్ల దాకా చూస్తే దాదాపు సగం మంది మెరుగయ్యారు. కంట్రోలు గ్రూపు లేని లెక్క, నిజమే. కానీ నెలల మీద మారేది ఉందనుకుంటే, ఎలుకలో ఒకటి రెండు రోజుల కరెంటుతో ఏం కొలుస్తున్నట్టు?

నల్లమల:
బ్రిటన్‌లో ఈత పరీక్షని డిప్రెషన్ మోడల్‌గా వాడొద్దని 2023లోనే ప్రభుత్వ సలహా కమిటీ చెప్పింది. ఇక ఈ గోలెందుకు?

బ్రెగ్మా:
వాడొద్దు సరే, బదులేమిటో చెప్పండి. నెలల పాటు రోజూ 8 గంటలు కరెంటిచ్చి, వారం వారం చక్కెరనీళ్ల పరీక్ష (తీపి మీద ఎలుకకి ఇష్టం మిగిలిందా అని చూసేది) పెడదామంటే నేను సిద్ధమే. పన్నెండు బోనులు, పన్నెండు స్వివెల్లు, కేబుల్ కొరికితే మార్చడానికి మనిషి.

ఫారం_బి:
కేబుల్ ఉన్న ఎలుకని జతగా ఉంచలేం, రెండోది కొరికేస్తుంది. అంటే నెలల పాటు ఒంటరి బోను. ఒంటరిగా ఉంచడం కూడా డిప్రెషన్ మోడళ్లలో వాడే ఒత్తిడేనని మర్చిపోకండి. కరెంటు లేని గ్రూపుకి కూడా అన్ని రోజులూ కేబుల్ తగిలించి, ఒంటరిగానే ఉంచుతారా?

బ్రెగ్మా:
ఉంచాలి. ఇంతకుముందు ఉంచలేదు.