18 టన్నుల బ్లాకు దానంతటదే కూర్చుంటుందా, గొలుసు కట్టాల్సిందేనా?

చీమకుర్తి పదిటైర్లు:

అన్నలందరికీ నమస్తే. సొంత పదిటైర్ల లారీ, ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైటు రాతి బ్లాకులు ఎత్తి కటింగ్ ఫ్యాక్టరీలకీ, అప్పుడప్పుడు కృష్ణపట్నం పోర్టుకీ వేస్తుంటాను. పోయిన వారం ఒక క్వారీలో 18 టన్నుల బ్లాకు ఎక్కించారు. రెండు దుంగల మీద దించి, వైరు రోపు లాగేసి, క్రేను తిప్పేశాడు. "పది నిమిషాలు ఆగన్నా, గొలుసు వేసుకుంటా, బ్లాకుని ఇంకాస్త క్యాబిన్ వైపు జరిపి పెట్టు" అన్నాను. ఆపరేటరు నవ్వాడు. "దీన్ని కదిలించడానికి నాకు ఇంత మిషను కావాల్సొచ్చింది. నీ బ్రేకుకి కదులుతుందా?" అన్నాడు. వెనక లైన్లో బండ్లు హారన్లు మొదలెట్టాయి. కట్టకుండానే వచ్చేశా.

టంగుటూరు దాటాక పొగాకు కూలీల ఆటో ఒకటి పక్క రోడ్డు నుంచి హైవే మీదకి వచ్చేసింది. బ్రేకు తొక్కా. బండి ఆగింది. వెనక మాత్రం గర్రుమని ఒక చప్పుడు, అరక్షణం. దిగి చూస్తే బ్లాకు జానెడు ముందుకొచ్చి ఉంది. దుంగ పైతొక్క చీరుకుపోయి లోపలి తెల్ల చెక్క కనబడుతోంది. ఆటోలో వాళ్లకి ఏమీ తెలియదు, వాళ్ల దారిన వాళ్లు పోయారు. నాకు మాత్రం కావలి దాకా చేతులు వణికాయి.

బరువే చాలంటారా? కట్టాలంటే ఎలా కట్టాలి? అసలు ఆ పని ఎవరిది, నాదా, ఎక్కించినోడిదా?

క్వారీ మేస్త్రీ:

తమ్ముడూ, నేను ఎక్కించే వైపు మనిషిని. ఇరవై ఏళ్లకి పైగా ఇదే పని. ఇన్నేళ్లలో దారిలో జారిపోయిన బ్లాకులు నా కళ్లతో చూసినవి మూడు. మూడింట్లోనూ తప్పు దుంగదే. ఒకచోట గుండ్రటి సరుగుడు కర్ర వేశారు, అది దుంగ కాదు, చక్రం. ఇంకోచోట పుచ్చిన చెక్క. మూడోది ఒక దుంగ లావు, ఒక దుంగ సన్నం. నాలుగు పలకల మంచి దుంగ వేసి నిదానంగా పోతే గొలుసు అక్కర్లేదు.

ఇంకో మాట. గొలుసు కట్టినోడు 80లో పోతాడు, కట్టనోడు భయంతో 40లో పోతాడు. మీరు గొలుసు కట్టేది ఎక్కడ? టార్పాలిన్ పట్టా తాడు కట్టడానికి పెట్టిన బాడీ కొక్కేలకి. అవి 18 టన్నులు ఆపుతాయా? పైగా బ్లాకు మీదకి ఎక్కి దిగేటప్పుడు కాళ్లు విరిగినోళ్లు బ్లాకు జారి దెబ్బతిన్నోళ్ల కంటే ఎక్కువమంది నాకు తెలుసు.

లెక్కల మాస్టారు:

మేస్త్రీగారు దుంగ గురించి, కొక్కేల గురించి చెప్పినవి రెండూ నిజం. "బరువుంది కాబట్టి కదలదు" అనేది మాత్రం తప్పు. ఈ తప్పు చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు.

బరువు పెరిగితే కింద పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ బ్రేకు వేసినప్పుడు ముందుకి తోసే బలం కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బస్తా అయినా బ్లాకు అయినా, కింద అదే చెక్క, అదే పట్టు ఉంటే ఒకే బ్రేకుకి జారతాయి. క్రేనుకి బలం కావాల్సింది పైకి ఎత్తడానికి. జారడానికి ఎత్తక్కర్లేదు కదా.

లెక్క చూడండి. మామూలు చెక్క మీద రాయికి పట్టు 0.3 అనుకుందాం. అంటే 18 టన్నుల బ్లాకుని 5.4 టన్నుల బలంతో తోస్తే కదులుతుంది. క్వారీ దుమ్ము ఉంటే ఇంకా తక్కువే చాలు. లోడు బండి గట్టి బ్రేకు అంటే బరువులో 0.6 వంతు బలంతో ఆపేది అనుకోండి. 60 స్పీడులో బండి దాదాపు 24 మీటర్లలో ఆగుతుంది. బ్లాకుని ఆపేది 0.3 పట్టు ఒక్కటే, కాబట్టి అది ఆగడానికి 47 మీటర్లు కావాలి. మిగతా 23 మీటర్లు ఎక్కడ జరగాలి? మీ బాడీ మీద. అంత పొడుగు బాడీ ఏ లారీకీ ఉండదు. క్యాబిన్‌కీ బ్లాకుకీ మధ్య మీటరు ఖాళీ ఉంటే, అది క్యాబిన్ వెనక రేకుని తాకేసరికి బండితో పోలిస్తే దాని వేగం గంటకి 9 కిలోమీటర్లు. తొమ్మిదేనా అంటారేమో. గోడ తొమ్మిది కిలోమీటర్ల వేగంతో మీ వీపు మీదకి వస్తోందనుకోండి. మీకు జానెడుతో సరిపోయిందంటే మీరు బ్రేకు చివరిదాకా తొక్కలేదన్నమాట.

ఐరోపాలోనూ అమెరికాలోనూ నిబంధన ఒకే తీరుగా ఉంది: సరుకు బరువులో 0.8 వంతు బలం ముందుకి తోసినా, 0.5 వంతు పక్కకి తోసినా కట్టు ఆగాలి. ఎన్ని కట్లు వేయాలో ఊరికే నిర్ణయించరు, ఈ లెక్క ప్రకారమే తేలుస్తారు.

పాత క్లీనరు:

మాస్టారూ, లెక్క బాగుంది గానీ మా గురువు వేరే చెప్పేవాడు. ఘాట్‌లో బండి ఒరిగితే, కట్టని బ్లాకు దాని దారిన అది పడిపోద్ది, బండి నిలబడుద్ది. గొలుసేసి కట్టావంటే బ్లాకు బండిని కూడా లోయలోకి లాక్కుపోద్ది. కట్టకపోవడమే డ్రైవరుకి ఇన్సూరెన్సు.

బైకు మీద ఆఫీసుకి:

అది ఎవరి మీద పడుద్దో మీ గురువు చెప్పలేదా అన్నా? రోజూ ఆ రోడ్డు మీద మీ వెనకే వచ్చేది నేను.

జగిత్యాల ట్రైలర్:

అన్నా, మాది జగిత్యాల దగ్గర పల్లె. తొమ్మిదేండ్లు గల్ఫ్‌లో ట్రైలర్ నడిపిన. పైపులు, సిమెంటు దిమ్మెలు, ఒక్కోసారి రాయి. అక్కడ మాకు లోడు కట్టకుంటే సైటు గేటు తెరవడు. గేటు కాడ సెక్యూరిటీ టార్చిలైటు పట్టుకొని ఒక్కో గొలుసు చేత్తో లాగి చూసేటోడు. మొదట్ల తిట్టుకున్న, ఆరు నెలలకి అలవాటైంది.

పాత క్లీనరన్నా, ఒరిగేది ఎందుకో తెల్సా? బ్లాకు పక్కకి జరుగుడు తోనే. అది ఒక జానెడు పక్కకి పోతే బరువంతా ఒక వైపు టైర్ల మీద పడ్తది, అప్పుడు మలుపు చిన్నదైనా బండి పడ్తది. కదలనిది బండిని లాగదు.

చీమకుర్తి తమ్మీ, నీది కూడా ఒక తప్పుంది. "క్యాబిన్ వైపు జరుపు" అన్నావు సూడు, అది చేయొద్దు. ఒక్కటే బరువైన బ్లాకుని క్యాబిన్‌కి ఆనిస్తే ముందు ఇరుసు మీద బరువు పడ్తది, స్టీరింగు రాయిలెక్క అయితది. పదిటైర్ల బండికి బ్లాకు నడిమి భాగం వెనక రెండు ఇరుసుల మధ్యకి కొంచెం ముందు రావాలె. అక్కడ పెట్టి, బ్లాకు ముందు ఖాళీని వదిలెయ్యకు. చాసిస్‌కి అడ్డంగా ఒక ఐరన్ బీమ్ వెల్డింగ్ చేయించు, బ్లాకు దానికి ఆనాలె. ముందు అడ్డు, తర్వాతే గొలుసు.

కాటా కాడి గుమాస్తా:

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పేపర్లు చూసేవాణ్ని. "ఎవరి పని" అన్నదానికి నా వంతు.

ఓవర్‌లోడు అయితే మోటారు వాహనాల చట్టం 194 సెక్షను: 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. 2019 సవరణలో 194(1ఎ) వచ్చింది: సరుకు బాడీకి పక్కకో ముందుకో వెనక్కో పొడుచుకొచ్చినా, ఎత్తు మించినా 20,000, దింపుడు ఖర్చు అదనం. రెండింట్లోనూ నడిపినవాడితో పాటు నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా దొరుకుతారు. వినడానికి బాగుంది. కానీ ఇతని బండి చూడండి. 2018లో పదిటైర్ల మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు కాబట్టి 18 టన్నుల బ్లాకు తూకంలో సరిపోతుంది. బాడీ దాటి రాలేదు. కాటా చీటీ సరిగ్గా ఉంది. రోడ్డు మీద ఆపినవాడు తూకం చూస్తాడు, ఎత్తు చూస్తాడు, పంపేస్తాడు. కట్టు ఉందో లేదో చూసినవాణ్ని నా సర్వీసులో చూడలేదు.

ప్రాణం పోతే మాత్రం కథ వేరు. బీఎన్‌ఎస్ 106(1) (భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో ప్రాణం పోయేలా చేసినందుకు పెట్టే సెక్షను), ఐదేళ్ల దాకా జైలు. 2024 జనవరిలో లారీలు సమ్మెకి ఆగిపోయింది 106(2) మీద, అంటే గుద్ది చెప్పకుండా పారిపోయే కేసుల సెక్షను మీద, దాన్ని పక్కన పెట్టారు. 106(1) ఎక్కడికీ పోలేదు. ఎఫ్ఐఆర్‌లో మొదటి పేరు డ్రైవరుదే. క్రేను ఆపరేటరు పేరు రాయించాలంటే నీ దగ్గర కాగితం ఉండాలి. అందుకే, టైమివ్వకపోతే "కట్టడానికి వీలివ్వలేదు" అని ఎల్ఆర్ (సరుకు లారీ రసీదు) మీద ఒక ముక్క రాయించుకో.

క్వారీ మేస్త్రీ:

గుమాస్తాగారూ, ఆ ముక్క రాయించుకున్న బండికి రేపటి నుంచి మా క్వారీలోనే కాదు, పక్క క్వారీలో కూడా లోడు రాదు. కోపంగా అనట్లేదు, జరిగేది చెబుతున్నా. బండ్లు ఎక్కువ, బ్లాకులు తక్కువ. అబ్బాయికి కిరాయి ట్రిప్పు లెక్కన, మా ఆపరేటరుకి రోజుకి ఇన్ని బ్లాకులని లెక్క. పది నిమిషాలంటే వాడికి బ్లాకు పోతుంది.

మాస్టారు చెప్పిన దాని మీద రెండు రోజులు ఆలోచించా. చెక్కకి 0.3 అన్నారు. ఆ నంబరు పెంచే దారి ఏమైనా ఉందా? గొలుసు సంగతి తర్వాత.

లెక్కల మాస్టారు:

అడగాల్సిన ప్రశ్న అదే, మేస్త్రీగారూ. రబ్బరు.

మనవాళ్లు చాలామంది లోడు కట్టే బెల్టు పైనుంచి వేసి రాచెట్‌తో (చేతి పిడి బిగింపుతో) టకటకా బిగించి, పని అయిపోయింది అనుకుంటారు. బెల్టు మీద 5 టన్నులు అని రాసి ఉంటుంది. అది తెగకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె. చేత్తో బిగిస్తే నిజంగా వచ్చే బిగింపు 350 కిలోల దరిదాపు. రెండు వైపులా కలిపి బ్లాకుని కిందకి నొక్కేది 700 కిలోలు, దాంట్లో 0.3 వంతు, అంటే 210 కిలోలే ముందుకి జారకుండా ఆపేది. 18 టన్నులకి 0.8 లెక్కన కావాల్సింది 14.4 టన్నులు, పట్టు వల్ల వచ్చేది 5.4, ఇంకా 9 టన్నులు తక్కువ. 9,000ని 210తో భాగించండి. నలభై మూడు బెల్టులు! ఎవడు కడతాడు?

ఇప్పుడు దుంగ కింద, దుంగ పైన రబ్బరు మ్యాట్ వేయండి. పట్టు 0.6కి వస్తుంది. తక్కువ పడేది 3.6 టన్నులే, ఒక్కో బెల్టు ఆపేది 420 కిలోలు అవుతుంది. తొమ్మిది బెల్టులు చాలు. ముందు బీమ్ ఉంటే ఇంకా తగ్గుతాయి. రబ్బరు దుంగకి కిందా పైనా రెండు చోట్లా వేయాలి, అది మాత్రం మర్చిపోవద్దు. పైన ఒక్కటే వేస్తే దుంగ బ్లాకుతో కలిసి జారుతుంది.

గొలుసయితే పైనుంచి కాకుండా బ్లాకు ముందు మూలల్ని చుట్టి, వెనక చాసిస్‌కి లాగి కట్టాలి. 10 ఎంఎం గ్రేడ్ 80 గొలుసు ఒక్కోటి 6.3 టన్నులు ఆపుతుంది. బావి దగ్గర వాడే గొలుసు కాదు, దాని మీద గ్రేడు గుర్తు చూసి కొనండి.

క్వారీ మేస్త్రీ:

రబ్బరు అంటే క్రషర్ దగ్గర పాత కన్వేయర్ బెల్టు ముక్కలు కుప్పలుగా పడున్నాయి. పనికొస్తాయా?

జగిత్యాల ట్రైలర్:

ఏమీ లేనిదానికంటే మస్తు నయం. కానీ అది అరిగి నున్నగై ఉంటది, మాస్టారు చెప్పిన 0.6 రాదు. దుమ్ము తుడిచి వెయ్యాలె. దుమ్ము మీద రబ్బరు కూడా జారుడుబండే.

ఇంకోటి. బయలెల్లిన తర్వాత మొదటి బంకు కాడ బండి ఆపి గొలుసు చేత్తో లాగి చూడు. దుంగలు బరువుకి కూర్చుంటయి, గొలుసు వదులైతది. ఇది నాకు ఎవ్వరూ చెప్పలే, ఒక రాత్రి తెలిసింది.

లెక్కల మాస్టారు:

అమెరికాలో ఇది చట్టమే. మొదటి 50 మైళ్లలోపు ఒకసారి, ఆ తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో ఒకసారి ఆపి చూడాలి.

చీమకుర్తి పదిటైర్లు:

అందరికీ థాంక్స్. లేటుగా రాస్తున్నా, బండి షెడ్లో పెట్టాను.

బీమ్ వేయించా. చాసిస్ మీద నాలుగు చోట్ల గొలుసు తగిలించే గట్టి ఇనుప రింగులు వెల్డింగ్ చేయించా, బాడీ కొక్కేలని ముట్టుకోలేదు. వెల్డింగు అబ్బాయికి బీమ్ ఎక్కడ రావాలో చెప్పలేక ఒక పూట పోయింది. క్యాబిన్ వెనక పెట్టేస్తానంటాడు. జగిత్యాల అన్న చెప్పింది చదివి వినిపిస్తే అప్పుడు ఇరుసుల మధ్య టేపు పెట్టి కొలిచాడు.

నిన్న మొదటి ట్రిప్పు. మేస్త్రీగారు పంపిన కన్వేయర్ బెల్టు ముక్కలు ఆరు, కడిగి ఎండబెట్టి తీసుకెళ్లా. ఆపరేటరు మొదటిసారి బీమ్‌కి అడుగు దూరంలో దించాడు. మళ్లీ ఎత్తమంటే మొహం అలా పెట్టాడు. మళ్లీ ఎత్తాడు, ఆనించాడు. గొలుసులకి పన్నెండు నిమిషాలు పట్టింది, వెనక హారన్లు షరా మామూలే. ఈసారి నేను వినలేదు. మొదటి బంకు దగ్గర చూస్తే ఒక గొలుసు నిజంగానే రెండు లింకులు వదులైంది.

బాధ్యత ఎవరిది అన్నది మాత్రం నాకు తేలలేదు. ఖర్చంతా నాదే అయింది, క్వారీ పైసా ఇవ్వలేదు, పోర్టులో ఎవరూ గొలుసు వైపు చూడలేదు. ఎల్ఆర్ మీద రాయించుకునే ధైర్యం కూడా నాకు లేదు గుమాస్తాగారూ, ఫోన్లో ఫొటో మాత్రం తీసి పెట్టుకుంటున్నా.

మేస్త్రీగారూ, ఒక రిక్వెస్టు. పోర్టులో క్రేను ఎత్తేటప్పుడు పైన వేసిన రబ్బరు ముక్కలు రెండు బ్లాకుకి అతుక్కుని గాల్లోకి లేచిపోయాయి. అవెక్కడ పడ్డాయో దొరకలేదు. క్రషర్ దగ్గర ఇంకో నాలుగు ఉంటే పక్కన పెట్టండి, సోమవారం వస్తా.